1460 దొరికాకే మిగతావి: నల్లగొండ రాళ్ళ మీద గామా స్పెక్ట్రం తీసేవాళ్ళకు

మే నెలలో ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి లేచి చూస్తే ల్యాప్‌టాప్ తెర మీద ఒక పీక్ నెత్తిన 'సీజియం-137' అని రాసుంది. డిటెక్టర్ ముందు ఉన్నది దేవరకొండ రోడ్డు పక్కన కంకర కుప్పలోంచి ఏరుకొచ్చిన గులాబీ గ్రానైట్ ముక్క. రాయిలోంచి వచ్చే గామా కిరణాలను వాటి శక్తి వారీగా లెక్కపెట్టి గీసే బొమ్మే గామా స్పెక్ట్రం, ఒక్కో ఐసోటోప్ తన గామాల శక్తి దగ్గర లేపే గుట్టే పీక్. సీజియం-137 రియాక్టర్లలో, బాంబు పరీక్షల్లో పుట్టేదే తప్ప రాయిలో ఉండేది కాదు. నిద్రమత్తులో అదేమీ తట్టలేదు, స్క్రీన్‌షాట్ తీసి ఇదే పిచ్చి ఉన్న మహబూబ్‌నగర్ మిత్రుడికి పంపేశా. అతను ఆరున్నరకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "అన్నా, పొటాషియం ఏడున్నది?"

చూశా. 1460 దగ్గర ఉండాల్సిన పొటాషియం-40 పీక్ 1550 దగ్గర కూర్చుంది. (ఇక్కడ పీక్‌లకు రాసే అంకెలన్నీ గామాల శక్తి, కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో. ప్రతిసారీ రాయను.) అంటే స్పెక్ట్రం మొత్తం ఆరు శాతం కుడివైపు జరిగిపోయింది. 609 దగ్గర ఉండాల్సిన బిస్మత్-214 పీక్ 645కి వచ్చింది, ఐదు శాతం అటూ ఇటూ ఉన్నా పర్లేదని సాఫ్ట్‌వేర్‌కి నేనే చెప్పి పెట్టా కాబట్టి అది పక్కనున్న 662ని పట్టుకుని సీజియం పేరు తగిలించింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి, పైన రేకుల గదిలో, 42 డిగ్రీల వేడిలో కాలిబ్రేషన్ (తెర మీద ఏ చోటు ఏ శక్తిదో కట్టడం) చేసి, రాత్రంతా రన్ పెట్టి పడుకున్నా. తెల్లారేసరికి గది 27కి దిగింది. గామా తగిలితే మెరిసే సోడియం అయోడైడ్ క్రిస్టల్, దాని వెనక ఆ మెరుపుని కరెంటు పల్స్‌గా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్, రెండూ చల్లబడితే పల్స్ పెద్దదవుతుంది, పీక్‌లు కుడికి పోతాయి. నా ట్యూబ్ లెక్క చూసుకుంటే డిగ్రీకి 0.4 శాతం దాకా. 15 డిగ్రీలు అంటే ఆరు శాతం, లెక్క సరిపోయింది, పరువు పోయింది.

ఇప్పుడు ఎవరు ఈ పని మొదలుపెడతానన్నా ముందు చెప్పేది ఇదే. ఐసోటోప్ పేర్లు తర్వాత, ముందు 1460 ఎక్కడుందో చూడండి. మన దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. ఇల్లు, నేల, గుట్ట అన్నీ గ్రానైటే, దాంట్లోని ఫెల్డ్‌స్పార్‌లో పొటాషియం దండిగా ఉంటుంది, కాబట్టి ఏ గదిలో తీసినా ఆ పీక్ ఉచితంగా వస్తుంది. ప్రతిసారీ రాయను.)

సామాను సంగతి త్వరగా చెప్పేస్తా. రెండు దారులున్నాయి. ఒకటి రేడియాకోడ్ లాంటి జేబు పరికరం, లోపల ఒక ఘన సెంటీమీటర్ సీజియం అయోడైడ్ క్రిస్టల్, బ్లూటూత్, 1024 చానెళ్ళు (పల్సుల్ని ఎత్తు వారీగా వేసే గళ్ళు), కొన్న రోజే స్పెక్ట్రం వస్తుంది. (దాని పేరులో ఉన్న సీజియం మామూలు సీజియమే, అది రేడియేషన్ ఇవ్వదు, భయపడకండి.) రెండోది సోడియం అయోడైడ్ క్రిస్టల్, ట్యూబ్, దానికి హై వోల్టేజ్ ఇచ్చే డ్రైవర్ డబ్బా, అక్కడినుంచి కంప్యూటర్ సౌండ్‌కార్డ్‌కి వైరు. రెండోదాంట్లో తలనొప్పి ఎక్కువ, కానీ క్రిస్టల్ పెద్దది కాబట్టి జేబు పరికరానికి రాత్రంతా పట్టే రాయిని ఇది గంటలో తేలుస్తుంది. ట్యూబ్‌కి వెళ్ళేది 600 నుంచి 900 వోల్టులు, స్విచ్ తీసేసిన వెంటనే కనెక్టర్ పీకొద్దు. క్రిస్టల్‌ని ఎండలో ఉన్న కారులోంచి తెచ్చి నేరుగా ఏసీ గదిలో పెట్టొద్దు, గంటకు పది డిగ్రీలకు మించి మారితే పగులుతుంది, పగిలితే మందు లేదు. తేమ కూడా తగలకూడదు. కవర్ ఊడదీసి లోపల ఏముందో చూద్దామనే బుద్ధి పుడితే ఆ రోజు పొలానికి పోయిరండి.

సాఫ్ట్‌వేర్లలో సౌండ్‌కార్డ్ దారికి థెరెమినో ఎంసీఏ, పీఆర్ఏ, బెక్‌మోని అనే మూడు ఎక్కువ వాడుకలో ఉన్నాయి, మూడూ విండోస్‌లో నడుస్తాయి. తీసిన స్పెక్ట్రాన్ని కూర్చుని చదవడానికి ఇంటర్‌స్పెక్ ఉంది, అమెరికాలోని శాండియా నేషనల్ ల్యాబొరేటరీస్ తయారుచేసి ఉచితంగా ఇచ్చింది. రేడియాకోడ్ ఫైళ్ళను బెక్‌మోని, ఇంటర్‌స్పెక్ రెండూ తెరుస్తాయి. నేను థెరెమినోతో మొదలుపెట్టా, ఇప్పుడు బెక్‌మోనిలో తీసి ఇంటర్‌స్పెక్‌లో చదువుతున్నా. ఏది మంచిదని వాదించుకోవడం టైం దండగ, సెట్టింగులు తప్పైతే మూడూ సమానంగా చెడగొడతాయి.

ఆ సెట్టింగుల్లో మొదటి దొంగ విండోస్. ట్యూబ్ నుంచి వచ్చే పల్స్‌ని డ్రైవర్ డబ్బా సాగదీసి సుమారు 100 మైక్రోసెకన్ల గుట్టలా చేసి మైక్ ఇన్‌పుట్‌లోకి పంపుతుంది, కంప్యూటర్ దాన్ని ఒక శబ్దం అనుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకుంటే ఒక్కో పల్స్‌కి నాలుగైదు చుక్కలే దొరుకుతాయి, వాటితోనే గుట్ట ఎత్తు కొలవాలి. అలాంటప్పుడు విండోస్ మధ్యలో దూరి ఇది ఎవరో మాట్లాడుతున్నారేమో అని నాయిస్ తగ్గించి, గొంతు పెంచి, ఎకో తీసేసి ఇస్తే మీ చేతికొచ్చేది స్పెక్ట్రం కాదు, చిత్రాన్నం. సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ డివైస్ ప్రాపర్టీస్‌కి పోయి ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి, మైక్ బూస్ట్ సున్నా చేయండి, ఆటోమేటిక్ గెయిన్ ఉంటే తీసేయండి. ల్యాప్‌టాప్ సొంత మైక్ పిన్ కన్నా వేరే యూఎస్‌బీ సౌండ్‌కార్డ్ నయం, 96 లేదా 192 కిలోహెర్ట్జ్ ఇచ్చేది దొరికితే ఇంకా నయం. విండోస్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇవన్నీ మళ్ళీ చూసుకోవాలి, చెప్పకుండా మార్చేస్తుంది.

తర్వాత పల్స్ ఆకారం. మంచి పల్స్ ఎలా ఉంటుందో పీఆర్ఏకి, బెక్‌మోనికి ముందు నేర్పించాలి, ఆ తర్వాత ఆకారం కలవని వాటిని అవే పారేస్తాయి. ఎందుకు పారేయాలంటే రెండు గామాలు ఒకేసారి పడితే రెండు గుట్టలు అతుక్కుని ఒక పెద్ద గుట్టలా కనిపిస్తాయి, లెక్కలో పడితే లేని చోట పీక్ పుడుతుంది. ఆకారం నేర్పేటప్పుడు సోర్స్‌ని, అంటే గామాలిచ్చే వస్తువుని, దూరంగా పెట్టి తక్కువ రేటులో నేర్పండి. సౌండ్‌కార్డ్‌తో సెకనుకు వెయ్యి పల్సులు దాటితే నేను రాయిని వెనక్కి జరుపుతా. ఆకారం విషయంలో మరీ కఠినంగా పెడితే మంచి పల్సులూ పోతాయి. కొంచెం కొంచెం బిగిస్తూ, పీక్ సన్నబడటం ఆగి కౌంట్లు పడిపోవడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి.

కరెంటు గురించి ఒక మాట. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు, ముఖ్యంగా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద, స్పెక్ట్రం ఎడమ చివర గోడ కట్టినట్టు ఒక నాయిస్ లేస్తుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే గోడ కూలిపోతుంది. రాత్రంతా రన్ కావాలంటే బ్యాటరీ సరిపోదు కాబట్టి థ్రెషోల్డ్‌ని (లెక్కలోకి తీసుకునే కనీస శక్తిని) 40కో 50కో పెంచి ఆ కింద ఉన్నదాన్ని వదిలేసుకోవడమే.

ఇక కాలిబ్రేషన్, అసలు పని ఇది. మొదటి బిందువుకి ఎరువుల కొట్టు చాలు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, ఎంఓపీ అంటే ఎవరైనా ఇస్తారు, 50 కిలోల సంచి కొననక్కర్లేదు, వరికి వేయగా మిగిలిన సంచి పక్కింట్లోనే ఉంటుంది, ఒక కిలో అడుక్కోండి. ఆ కిలోలో దాదాపు సగం పొటాషియమే. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి, అంటే కిలో ఎంఓపీలో 15 వేల పైచిలుకు, వాటిలో నూటికి 11 మాత్రమే 1460 గామాని ఇస్తాయి. సెకనుకు 1600 గామాలు అన్ని దిక్కులకూ పోతున్నాయన్నమాట. అందుకే కిలోని ఒకే ముద్దగా పక్కన పెట్టకుండా పావుకిలో చొప్పున నాలుగు జిప్ కవర్లలో పోసి క్రిస్టల్ చుట్టూ ఆనించండి, అరగంటలో గుట్ట లేస్తుంది. కవర్ ఎందుకంటే పొటాష్ తేమ పీల్చి నీరుకారుతుంది, నా మొదటి టేబుల్ గుడ్డ అలాగే పోయింది. ఎంఓపీ బదులు సూపర్ ఫాస్ఫేట్ తేవద్దు, దాంట్లో రాక్ ఫాస్ఫేట్ నుంచి వచ్చే రేడియం ఉంటుంది, ఆ రేడియం కింద పుట్టే బిస్మత్-214 వల్ల 609 కూడా లేచి కంగారు పెడుతుంది. అయితే అది వేరే రోజుకి మంచి ప్రయోగం.

రెండు, మూడు బిందువులకి పెట్రోమాక్స్ మ్యాంటిల్. ఒకప్పుడు పెళ్ళి బారాత్‌లో నెత్తి మీద మోసిన లైట్లలో వేలాడే ఆ తెల్ల గుడ్డ సంచే. ఇప్పుడు ప్రతి కంపెనీ మ్యాంటిల్‌లోనూ థోరియం ఉండాలని లేదు, ఉన్నది దొరికితే ఆ థోరియం వరసగా విచ్ఛిన్నమవుతూ పుట్టించే వాటిలో 238 దగ్గర సీసం-212, ఆ చివర 2614 దగ్గర థాలియం-208 రెండూ ఇస్తుంది. ప్యాకెట్ తెరవకుండా జిప్ కవర్లో పెట్టి వాడండి, వెలిగించొద్దు, పొడి చేయొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు. మ్యాంటిల్ దొరక్కపోతే టిగ్ వెల్డింగ్ చేసే షాపులో ఎర్ర చివర ఉన్న టంగ్‌స్టన్ రాడ్లు అడగండి, వాటిలో రెండు శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. వాటిని అరగదీయొద్దు, అంతే. వీటిని దాటి సీల్డ్ సోర్సుల జోలికి, బయటి దేశాల నుంచి తెప్పించే సోర్సుల జోలికి పోవద్దు, వాటికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతులు కావాలి. మనకు వాటి అవసరం కూడా లేదు.

ముందు హై వోల్టేజ్‌నో, సాఫ్ట్‌వేర్‌లో గెయిన్‌నో సర్ది 2614 పీక్ స్కేల్‌లో 85 శాతం దగ్గర పడేలా చూడండి. మరీ చివరికి పోతే పల్స్ తల తెగిపోతుంది, ఆ పైన పీక్ ఉన్నా కనపడదు. తర్వాత 238.6, 1460.8, 2614.5 మూడింటినీ చానెళ్ళకు కట్టి రెండో డిగ్రీ వక్రరేఖ వేయించండి. మూడో డిగ్రీ పెడితే మూడు బిందువుల దగ్గర అద్దంలా కుదిరినట్టే ఉంటుంది, మధ్యలో ఎటు వంగుతుందో దానికే తెలియదు. సోడియం అయోడైడ్ 100 కింద ఎలాగూ సరిగ్గా గీత మీద నడవదు, అక్కడ చదివే అంకెల్ని కొంచెం అనుమానంతో చదవండి. ఇదంతా రన్ ఏ ఉష్ణోగ్రతలో చేయబోతున్నారో అదే ఉష్ణోగ్రతలో, పరికరం ఆన్ చేసి ఒక గంట వదిలేశాక చేయాలి. ఎండాకాలంలో నేను ఇప్పుడు రాత్రి రన్‌లను ఎనిమిది గంటల ఒకే ఫైల్‌గా తీయను, గంటకొక ఫైల్‌గా తీస్తా. పొద్దున్నే ప్రతి ఫైల్‌లో 1460 ఎక్కడుందో చూసి, జరిగినదాన్ని సర్ది, అప్పుడు కలుపుతా.

మ్యాంటిల్ విషయంలో నన్ను చాలా రోజులు తిప్పిన ఒక ముడి ఉంది. పుస్తకంలో థోరియం వరసలో ఆక్టినియం-228కి 911 దగ్గర గట్టి పీక్ ఉండాలని రాసుంటుంది. నా కొత్త మ్యాంటిల్‌లో 238, 583, 2614 ఉన్నాయి, 911 మాత్రం నీడలా ఉంది. కాలిబ్రేషన్ తప్పని నాలుగు సార్లు మళ్ళీ చేశా. తీరా చూస్తే తప్పు లేదు. ఫ్యాక్టరీలో థోరియాన్ని రసాయనికంగా శుద్ధి చేసినప్పుడు రేడియం విడిపోతుంది, 911 ఇచ్చే ఆక్టినియం రేడియం-228 నుంచి పుట్టాలి, ఆ రేడియం అర్ధాయువు 5.75 ఏళ్ళు, మళ్ళీ నిండటానికి ఏళ్ళు పడుతుంది. 238, 2614 ఇచ్చేవి మాత్రం థోరియం-228 కింద పుడతాయి, అది థోరియమే కాబట్టి మ్యాంటిల్‌లోనే మిగిలిపోయింది. మా బాబాయి అటక మీది పాత ప్యాకెట్ తెచ్చి పెడితే 911 చక్కగా లేచింది. స్పెక్ట్రంలో వస్తువు వయసు కూడా కనిపిస్తుందని ఆ రోజు అర్థమైంది.

బ్యాక్‌గ్రౌండ్ లేని రన్ రన్ కాదు

మొదటి నెలంతా నేను రాళ్ళు పెట్టి తీశానే గానీ ఖాళీగా ఒక్కసారి కూడా తీయలేదు. ప్రతి రాయిలో 609, 352 (రెండూ యురేనియం వరసవి), 1460, 2614 వచ్చేవి, ప్రతి రాయీ నాకు యురేనియం ఖనిజంలాగే కనిపించేది. మన జిల్లాలో ఆ ఊహ ఊరికే రాదు. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ పేర్లు విని పెరిగినవాళ్ళం, అక్కడ శ్రీశైలం రాతి పొరలు పాత గ్రానైట్ మీద కూర్చున్న చోట యురేనియం ఉందని అణు ఖనిజాల శాఖ వాళ్ళు ఎప్పుడో తేల్చారు, అటు అమ్రాబాద్ వైపు 2019లో ఎంత గొడవైందో చూశాం. కానీ నా రాళ్ళు తీసేసి ఖాళీ టేబుల్ మీద ఎనిమిది గంటలు తీస్తే అవే పీక్‌లు, కొన్ని రాళ్ళు పెట్టినప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. గోడల నుంచి వచ్చేదాన్ని రాయి కొంత అడ్డుకుంటుంది కదా.

కాబట్టి అదే టేబుల్, అదే చోటు, అదే వేడి, కనీసం ఎనిమిది గంటలు ఖాళీ రన్. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా లోడ్ చేసి తీసివేయమంటే టైం నిష్పత్తి అదే చూసుకుంటుంది. మా ఇంట్లో వంటింటి గ్రానైట్ గట్టు మీదకీ, వరండాలో షాబాద్ బండల మీదకీ లెక్క బాగా తేడా, షాబాద్ అంటే సున్నపురాయి కాబట్టి దాంట్లో పొటాషియం, థోరియం తక్కువ. వంటింట్లో బ్యాక్‌గ్రౌండ్ తీసి వరండాలో రాయి కొలిస్తే తీసివేతలో అంకెలు మైనస్‌లోకి పోతాయి, నాకు పోయాయి కూడా.

సీసం కవచం అందరూ చెబుతారు, పాత ఇనుప సామాన్ల వాళ్ళ దగ్గర దొరుకుతుంది కూడా, కానీ ఇంట్లో కరిగించే పని అస్సలు పెట్టుకోవద్దు, ఆ పొగ విషం. పైగా సీసం 75 దగ్గర తన సొంత ఎక్స్‌రే పీక్ ఒకటి కలుపుతుంది. నేను చేసేది నలుగురూ నవ్వే పని: 20 లీటర్ల వాటర్ క్యాన్లు నింపి చుట్టూ పేర్చడం. 1460 గామా సగానికి తగ్గాలంటే సుమారు 12 సెంటీమీటర్ల నీరు కావాలి, క్యాన్ మందం దానికి రెండింతలుంటుంది. పైనుంచి, కిందినుంచి వచ్చేది ఆగదు కానీ నాలుగు వైపులా గోడల గోల తగ్గుతుంది, రెండు క్యాన్ల మీద చెక్క పెట్టి డిటెక్టర్‌ని పైకి లేపితే నేల గోల కూడా.

పీక్‌ల మీద పేర్లు

మామూలు సోడియం అయోడైడ్ 662 దగ్గర ఏడెనిమిది శాతం రిజల్యూషన్ ఇస్తుంది, అంటే అక్కడ ఒక్కో పీక్ వెడల్పు దాదాపు 50. 583 థోరియం వరసది, 609 యురేనియం వరసది, మధ్య దూరం 26. మన రాళ్ళలో రెండూ ఉంటాయి, తెర మీద ఒకే లావు గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట ఎవరిదని సాఫ్ట్‌వేర్‌ని అడిగితే ఏదో ఒక పేరు చెబుతుంది, మొహమాటానికి. మీరు పైకి పోండి. 1764 ఉంటే యురేనియం వరస, 2614 ఉంటే థోరియం వరస, 1460 పొటాషియం. విమానాల్లో తిరిగి సర్వే చేసేవాళ్ళు కూడా ఈ మూడు కిటికీలే చూస్తారు, ఎందుకంటే ఇక్కడ గుంపు తక్కువ. చిన్న క్రిస్టల్‌కి అంత పైన కౌంట్లు రావడం కష్టం, అందుకే రాత్రంతా పెట్టేది. పీక్‌లో 400 కౌంట్లుంటే ఐదు శాతం ఊగుతుంది, 10 వేలుంటే ఒక శాతం. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక ఆ ఊగుడు ఇంకా పెరుగుతుంది కాబట్టి చిన్న గుట్టను చూసి గంతులేయొద్దు. స్మూతింగ్ బటన్ నొక్కితే గుట్ట అందంగా వస్తుంది, కౌంట్లు మాత్రం పెరగవు.

ఇంటర్‌స్పెక్‌లో రిఫరెన్స్ గీతలు వేసే సౌకర్యం ఉంది, ఐసోటోప్ పేరు కొడితే దాని గామాలన్నీ ఏ బలంతో ఎక్కడ రావాలో గీతలుగా చూపిస్తుంది. ఒక గీత కింద గుట్ట ఉండి, దానికన్నా బలమైన గీత కింద ఏమీ లేకపోతే ఆ పేరు కొట్టేయండి. నేను సీజియం రోజున ఈ పని చేసి ఉంటే... సరే.

ఇంకో ఉచ్చు 180-200 దగ్గర ఉండే దిబ్బ. కొత్తవాళ్ళందరూ దాన్ని చూసి యురేనియం-235 గామా 186 దొరికిందంటారు. అది చాలావరకు గోడకి, టేబుల్‌కి తగిలి వెనక్కొచ్చిన గామాల దిబ్బ, ఏ సోర్స్ పెట్టినా ఉంటుంది. అలాగే ప్రతి పెద్ద పీక్‌కి ఎడమవైపు ఒక మెట్టు దిగుతుంది, 662కి అయితే 477 దగ్గర. దాన్ని పీక్ అనుకుని పేరు పెట్టొద్దు.

ఈ పని చేస్తున్నానని తెలిసినవాళ్ళలో ఒకరికి చెప్పగానే ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, తర్వాత సీసాలు పట్టుకుని వస్తారు. "అన్నా, మా బోరు నీళ్ళు జర చూసి చెప్పరాదే." ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లా, వాళ్ళ భయం నిజమైనదే, కాదనలేం. కానీ ఈ పరికరంతో ఆ మాట చెప్పలేమని ఖచ్చితంగా చెప్పేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియానికి పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే యురేనియం-238 లెక్కన లీటరుకు అర బెక్వెరల్ (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరల్) కూడా కాదు. పైగా నీళ్ళలో కరిగిన యురేనియం తన వెంట రేడియాన్ని అంతే మోతాదులో తెచ్చుకోదు, కాబట్టి 609 చూసి యురేనియం లెక్క కట్టడం కుదరదు. మీ తెర మీద ఏమీ రాలేదంటే నీళ్ళు మంచివని కాదు. ల్యాబ్‌కి పంపమని చెప్పి సీసా తిరిగి ఇచ్చేయండి. ఇక ఆ యురేనియం ఊళ్ళకి పోయి రాళ్ళు ఏరుకొస్తానంటారా, అటు అడవి చాలావరకు రక్షిత అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి రాయి కూడా తేకూడదు. కంకర కుప్ప చాలు.

అన్నీ కుదిరాయో లేదో చూసుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష తొలకరి వాన. గాలిలోని రేడాన్ నుంచి పుట్టిన సీసం-214, బిస్మత్-214 దుమ్ముకి అంటుకుని వానతో కిందికి దిగుతాయి. నాలుగైదు రోజుల పొడి తర్వాత మొదటి జల్లు పడగానే, వాన ఆగకముందే, స్కూటీ సీటునో కారు బానెట్‌నో రెండు టిష్యూలతో తుడిచి, పిండకుండా మడిచి జిప్ కవర్లో పెట్టి క్రిస్టల్‌కి ఆనించండి. సాఫ్ట్‌వేర్ ముందే నడుస్తూ ఉండాలి, లోపలికొచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేసేంత టైం ఉండదు. పది నిమిషాలకొక ఫైల్ చొప్పున పది ఫైళ్ళు. మొన్న జూన్‌లో నేను చేసినప్పుడు మొదటి ఫైల్‌లోనే 352, 609 రెండూ బ్యాక్‌గ్రౌండ్ మీద విడిగా లేచాయి, 1460 మాత్రం పది ఫైళ్ళలోనూ ఒకే ఎత్తులో నిలబడింది, అది గోడది కదా. సీసం-214 అర్ధాయువు 27 నిమిషాలు, దాని నుంచి పుట్టే బిస్మత్‌ది 20, ఒకటి తరుగుతూ ఇంకోదాన్ని నింపుతుంది కాబట్టి 609 సగం కావడానికి అరగంట పైన పట్టింది. వాన పడి గది ఐదారు డిగ్రీలు చల్లబడిందని 1460 రెండు శాతం కుడికి జరిగి చెప్పింది, సర్దుకున్నా. పదో ఫైల్‌లో 609ని బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరుచేయడం కష్టమైంది. కవర్‌లో తడి టిష్యూ రెండు రోజులు అలాగే టేబుల్ మీద ఉండిపోతే అమ్మ చూసి చెత్తబుట్టలో వేసింది.